నాది కాని పుదీనా

పుదీనా పూస్తుందని పుస్తకంలో చదవడమే గానీ కళ్ళారా చూసింది నలభై ఏళ్ళు దాటాకే. పద్దెనిమిదేళ్ళుగా జూనియర్ కాలేజీలో బోటనీ చెప్తున్నదాన్ని, ఈ మాట రాయడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. అయితే నేను చెప్పబోయేది అంతకంటే పెద్ద సిగ్గు.

మా ఇల్లు మదనపల్లెలో. కాలేజీ పుంగనూరులో. రోజూ పొద్దున బస్సెక్కి పోవడం, సాయంత్రం తిరిగి రావడం. పుంగనూరు బస్టాండు గోడ పక్కన గోనెపట్టా పరుచుకుని ఒక ముసలామె పుదీనా, కొత్తిమీర అమ్ముతుంది. అరవై దాటి ఉంటాయి. తలమీది చీరకొంగు ఎప్పుడూ జారుతూ ఉంటుంది, ఆమె ఎప్పుడూ సర్దుకుంటూ ఉంటుంది. మొదట్లో అందరిలాగే నేనూ ఆమె దగ్గర ఆకు కొనేదాన్ని. తర్వాత్తర్వాత నాకోసం ఒక కట్టను తడిగుడ్డలో చుట్టి పక్కన పెట్టడం మొదలుపెట్టింది. నేను సాయంత్రం బస్సు దిగి వచ్చే జనానికి ఎదురీదుకుంటూ వస్తుంటే, "టీచరమ్మా, ఈడ, ఈడ!" అని చేయెత్తి పిలిచేది.

మూడేళ్ళ కిందట ఒక ఎండాకాలం పగలు, స్పెషల్ క్లాసు ముగించుకుని బస్టాండుకు వచ్చి, అక్కడే కళ్ళు తిరిగి పడిపోయాను. తెలివి వచ్చేసరికి ఆమె ఒళ్ళో నా తల ఉంది. పక్కన పూలమ్మే ఆమెకు తన గంప అప్పగించి, నన్ను ఆటోలో ఎక్కించుకుని తన ఇంటికి తీసుకుపోయింది. రెండు గదుల ఇల్లు. నులకమంచం మీద పడుకోబెట్టి, ఉప్పు, నలిపిన పుదీనా వేసిన మజ్జిగ తాగించింది. రెండు గంటలు నిద్రపోయాను. లేచేటప్పటికి మంచం పక్కన కింద కూర్చుని అట్టముక్కతో విసురుతోంది.

"నీ బేరం పోయింది కదమ్మా," అన్నాను.

"బేరం రేపు గూడా వస్తాది. నువ్వు పోతే మల్లా వస్తావా?" అని నవ్వింది.

ఆ తర్వాత శనివారాలు అప్పుడప్పుడూ వాళ్ళింటికి పోయి కూర్చునేదాన్ని. ఆమె భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఉన్న ఒక్క కూతురిని కుప్పంలో ఇచ్చింది. పెరట్లో సగానికి కోసిన నీళ్ళ డ్రమ్ములు, పగిలిన టబ్బులు, వాటినిండా పుదీనా. బియ్యం కడిగిన నీళ్ళన్నీ వాటికే. ఆమె ఆకులు కోస్తూ కబుర్లు చెప్తుంటే నేను కట్టలు కట్టేదాన్ని. మా అమ్మ పోయాక నేను ఎవరి పక్కనైనా అంత నిదానంగా కూర్చున్నది ఆ పెరట్లోనే.

కూతురి కాన్పుకని ఆమె నలభై రోజులు కుప్పం పోయింది. తిరిగి వచ్చిన వారంలో నన్ను ఇంటికి పిలిచి ఒక టబ్బు చూపించింది.

"సూడు టీచరమ్మా. కోసేవాళ్ళు లేక ఎట్ల పూసేసిందో. ఇంగ ఆకు చేదెక్కుతాది. నరికేస్తా, మల్లా కొత్త చిగురు వస్తాది."

కొమ్మల చివర వేలెడంత కంకులు. వాటి నిండా నువ్వుగింజంత పూలు, లేత ఊదారంగులో. నేను వంగి చూస్తూ అలాగే ఉండిపోయాను. మనం పుదీనాను పూసేదాకా ఎక్కడ ఉంచుతాం? చిగురు కనబడితే గిల్లేస్తాం. "నరకొద్దమ్మా, నాకొక పాయ ఇవ్వు," అన్నాను. ఆమె వేళ్ళతో సహా ఒక గుప్పెడు పెళ్ళగించి, మట్టితో కలిపి కవర్లో పెట్టి ఇచ్చింది.

"మా యత్త చౌడేపల్లెనుంచి తెచ్చిన పుదీనా ఇది. నేను కాపురానికి వచ్చినప్పుడు ఇదే గాటు, ఇప్పుడూ అదే గాటు," అంది.

ఇంటికి తెచ్చి మిద్దెమీద ఒక పెద్ద టబ్బులో నాటాను. అక్కడినుంచే నాకు ఒక ఆలోచన పుట్టింది.

మా ప్రాంతం మిద్దె తోటల వాళ్ళకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఉన్నారు. ఒకరు డ్రమ్ములో దానిమ్మ కాయించి ఫోటో పెడతారు. ఇంకొకరు కుండీలో అంజూర. నేను బోటనీ లెక్చరర్‌నని అందరికీ తెలుసు. ఆకుకు మచ్చలొస్తే నన్ను అడుగుతారు. కానీ చూపించుకోవడానికి నా మిద్దెమీద తులసి, నాలుగు టమాటా చెట్లు తప్ప ఏమీ లేవు. ఆ వెలితి నాకు లోపల ఉండేది. రెండు రకాల పుదీనాను కలిపి, విత్తనం పట్టి, ఎవరిదగ్గరా లేని పుదీనాను తయారుచేస్తే? పిల్లలకు బోర్డు మీద బొమ్మగీసి చెప్పే పరాగ సంపర్కాన్ని ఒక్కసారైనా నా చేత్తో చేస్తే?

రెండో రకం కుప్పంలో మా అక్క ఇంట్లో దొరికింది. కాడ ఊదారంగులో ఉండి, ఆకు చిన్నదిగా, వాసన ఘాటుగా ఉంటుంది. కోయకుండా వదిలేయమని ఫోన్లోనే చెప్పాను. అది పూతకొచ్చాక పోయి తెచ్చుకుంటుంటే అక్క నవ్వింది.

"పచ్చడి నూరుకోక, పుదీనాకు పెండ్లి చేస్తావా ఏమే?"

"చేస్తే ఏం? నీకూ పిలుపు ఉంటాది," అన్నాను.

పుదీనా పూవులో మగ భాగం ముందు పండుతుంది. పుప్పొడి రాలిపోయిన ఒకటి రెండు రోజులకు ఆడ భాగం చివర పాము నాలుకలాగా రెండుగా చీలుతుంది. దాని సొంత పుప్పొడి దానికే పడకుండా, పూవు విచ్చకముందే లోపలి కేసరాలను తీసేయాలి. అవి ఎంతుంటాయి? వెంట్రుక మీద దుమ్మంత. పొద్దున ఆరింటికి మిద్దెమీద ముక్కాలిపీట వేసుకుని, భూతద్దం ఒక చేత్తో, కనుబొమలు తీసుకునే చిమటా ఇంకో చేత్తో పట్టుకుని కూర్చునేదాన్ని. తీసేశాక ఈగలు, తేనెటీగలు రాకుండా వడకట్టే గుడ్డతో కుట్టిన చిన్న సంచి తొడిగేదాన్ని. ఆడ భాగం చీలిన రోజు, బొమ్మలేసే సన్న కుంచెతో అక్క పుదీనా పుప్పొడి తెచ్చి తాకించేదాన్ని. ఏ పూవుకు ఏ రోజు చేశానో చీటీ రాసి దారంతో కట్టేదాన్ని.

ఎన్ని పూలు పాడుచేశానో లెక్కలేదు. చిమటా కొంచెం గట్టిగా పట్టుకుంటే పూవే ఊడి వచ్చేది. మా ఆయన కాఫీ తెచ్చిస్తూ, "ఇంత ఓపిక నీకుందని నాకు ఇన్నేళ్ళూ తెలీదే," అనేవాడు.

రెండు నెలలు గడిచాక, ఎండిన పూలగిన్నెలను తెల్లకాగితం మీద నలిపితే గోధుమరంగు గింజలు పదకొండు రాలాయి. ఊపిరి విడిస్తే ఎగిరిపోతాయేమోనని నోటికి చేయి అడ్డం పెట్టుకుని ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. ఆ సాయంత్రమంతా ఫోను మోగుతూనే ఉంది. ఎవరో "మేడం, మీరు సైంటిస్టు" అని రాశారు. ఆ మాట నాలుగుసార్లు చదువుకున్నాను.

పదకొండింటిలో ఒకటే మొలిచింది. రెండాకుల మొలక. దాన్ని పెరుగు కప్పులోంచి చిన్న కుండీలోకి మార్చి, ఐస్‌క్రీం పుల్ల మీద తేదీ రాసి గుచ్చి, ఎండ తగలకుండా పుంగనూరు పుదీనా టబ్బు నీడలో పెట్టాను. అంతలో పరీక్ష పేపర్లు దిద్దే డ్యూటీ పడింది. పది రోజులు వేరే ఊళ్ళో ఉండాలి. రోజూ నీళ్ళు పొయ్యమని మా ఆయనకు ఒకటికి పదిసార్లు చెప్పి పోయాను.

తిరిగి వచ్చిన సాయంత్రం బ్యాగు మెట్లమీదే పడేసి మిద్దెక్కాను. కుండీ నిండా పచ్చగా, గుబురుగా పుదీనా. పది రోజుల్లో అంత ఎదిగిందా అన్న అనుమానం నాకు రావాలి. రాలేదు. రానివ్వలేదేమో. ఫోటో తీసి, "మన మదనపల్లెలో పుట్టిన కొత్త పుదీనా" అని పెట్టాను. గ్రూపు నడిపే పెద్దాయన, రిటైరైన ఉద్యోగి, వెంటనే ఫోన్ చేశాడు. వచ్చే నెల కుప్పంలో అందరం కలుస్తున్నాం, మీరు మాట్లాడాలి, తలా ఒక కొమ్మ పంచాలి అన్నాడు. పుదీనాకు నా పేరే పెడదామని కూడా ఆయనే అన్నాడు. వద్దని ఒకసారి అన్నాను. రెండోసారి అనలేదు.

కుప్పం పోవడానికి వారం ముందు, కొమ్మలు కోసి వేర్లు పట్టించాలని ఆ కుండీని ఎత్తబోయాను. లేవలేదు. గట్టిగా లాగితే కింద ఏదో పట్టుకున్నట్టుంది. వంచి చూశాను. పుంగనూరు టబ్బు అంచు మీదుగా దిగిన ఒక తెల్లని తీగ నేలమీద పాకి, కుండీ అడుగు రంధ్రంలోంచి లోపలికి దూరింది. లోపల వేళ్ళూని, పైకి లేచి, గుబురైంది. మట్టి గీకి చూస్తే ఐస్‌క్రీం పుల్ల పక్కన నా మొలక ఉంది. నల్లగా, ఎండిన దారప్పోగులా.

కింద నుంచి మా ఆయన, "ఏమైంది? ఏదో పడిన చప్పుడైందే?" అని అడిగాడు.

"ఏమీ లేదు," అన్నాను.

కత్తెర తీసుకుని ఆ తీగను కుండీ అడుగున కోసేశాను. కోసిన చోట మట్టి అద్దాను. తర్వాత చాలాసేపు అక్కడే కూర్చుని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. నా మొలక వేళ్ళు కూడా లోపల బతికే ఉండొచ్చు కదా అనుకున్నాను. ఆకు అంచు కొంచెం వేరుగా లేదూ అనుకున్నాను. పూత వచ్చాక పరీక్షించి చూద్దాంలే అనుకున్నాను. బోటనీ చదివినదాన్ని కాబట్టి నాకు నేను చెప్పుకున్న అబద్ధాలు కూడా శాస్త్రంలాగే వినిపించాయి. చేయి వాసన చూసుకుంటే మాత్రం అది పుంగనూరు పెరటి వాసనే.

కుప్పంలో ఒక చిన్న ఫంక్షన్ హాల్లో సమావేశం. వందమంది దాకా వచ్చారు. గుడుపల్లె వైపు నుంచి రైతులు కూడా కొందరు వచ్చారు. మా అక్క ముందు వరసలో కూర్చుంది. నేను మైకు పట్టుకుని చిమటా గురించి, కుంచె గురించి, పదకొండు గింజల గురించి చెప్పాను. అవన్నీ నిజాలే. ఆ తర్వాత, "వాటిలో బతికిన ఒక్క మొక్క ఇదీ," అని కుండీ ఎత్తి చూపించాను. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు.

తర్వాత కొమ్మలు పంచడం. పేపరు కప్పుల్లో వేర్లు పట్టిన కొమ్మలు బల్లమీద వరసగా పెట్టి ఒక్కొక్కరికీ ఇస్తున్నాను. పక్కన ఆ పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఐదారుగురి తర్వాత తలమీద చీరకొంగు సర్దుకుంటూ ఒకామె కప్పు అందుకుంది. తలెత్తి చూశాను. ఆమే. పుంగనూరు ఆమె. పక్కన చంకలో బిడ్డతో ఆమె కూతురు. వాళ్ళ వెనక ఇంకో పెద్దావిడ, కూతురి అత్తగారని తర్వాత తెలిసింది. మొక్కలు ఉచితంగా ఇస్తున్నారని వీధిలో ఎవరో చెబితే ముగ్గురూ వచ్చారట.

ఆమె నన్ను చూసి మొహమంతా నవ్వు చేసుకుంది. ఆకు ఒకటి గిల్లి, నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుంది. నవ్వు ఇంకా పెద్దదైంది.

"టీచరమ్మా! ఇది మనింటి ఆకే కదా! మా యత్త ఆకు! ఇంతమందికి పంచుతాండావా తల్లీ!"

ఆ గొంతులో నింద లేదు. ఆ మాట నేను ప్రమాణం చేసి చెప్పగలను. తన పెరటి ఆకుకు ఇంత మర్యాద జరుగుతోందని సంతోషం, అంతే. బల్లమీదుగా చేయి చాపి నా చేయి పట్టుకోబోయింది.

పెద్దాయన నా వైపు తిరిగి, "మీకు తెలిసినామెనా మేడం?" అన్నాడు.

నేను చేయి వెనక్కి తీసుకున్నాను.

"లేదండీ. ఎవరో ఆకుకూరలు అమ్మే ఆమెలా ఉన్నారు. పుదీనా వాసన అంతా ఒకేలా ఉంటుంది కదా, పొరబడి ఉంటారు," అన్నాను. అని, నవ్వాను కూడా. నవ్వి, వాళ్ళ ముగ్గురి వెనకున్న మనిషికి ఇంకో కప్పు అందించాను.

ఆమె ఒక్క క్షణం నా వైపు చూసింది. తర్వాత ఆ పెద్దాయనతో, "అవునప్పా. నేనే పొరబడినా. ముసిలి ముక్కు, ఏం తెలుస్తాది," అంది. చేతిలో కప్పును బల్లమీద, దాని వరసలోనే జాగ్రత్తగా పెట్టి, కూతురి భుజం మీద చేయి వేసి వెళ్ళిపోయింది.

నన్ను కాపాడి వెళ్ళింది. నేను మిగిలిన కప్పులన్నీ పంచాను. మధ్యాహ్నం భోజనానికి కూడా కూర్చున్నాను. అక్క మాత్రం, "పాపం ఆ యమ్మ మొక్క గూడా తీసుకోకుండా పాయె," అంది. నేను పప్పు వడ్డించమన్నాను.

ఆ తర్వాత రెండు నెలలు నేను పుంగనూరు బస్టాండులో దిగలేదు. ముందు స్టాపులోనే దిగి, ఎండలో వెనక వీధుల గుండా కాలేజీకి నడిచాను. సాయంత్రం కూడా అక్కడే ఎక్కేదాన్ని. మా ఆయన అడిగితే నడక మంచిదని చెప్పాను. గ్రూపులో జనం తమ ఇళ్ళల్లో పెరుగుతున్న 'నా' పుదీనా ఫోటోలు పెట్టేవాళ్ళు. చూసి ఫోను బోర్లా పెట్టేదాన్ని.

ఒకరోజు ఆ వెనక వీధిలోనే పూలమ్మే ఆమె ఎదురైంది. బస్టాండులో ముసలామె పక్కన కూర్చునే ఆమె.

"ఏం మేడం, కనపడకుండా పోయినారు? ఒంట్లో బాగలేదా? ఆ యమ్మ మీకని దినామూ ఒక కట్ట ఎత్తిపెడతాండాది. బస్సులన్నీ పొయ్యేదాకా సూసి, ఎవురికో ఒకరికి ఇచ్చేస్తాది."

ఆ పూట క్లాసులో ఏం చెప్పానో నాకు గుర్తులేదు. సాయంత్రం నేరుగా వాళ్ళింటికి పోయాను. పెరట్లో కూర్చుని పండుటాకులు ఏరుతోంది. నన్ను చూసి లేవలేదు. "రా," అంది. పీట చూపించింది. కూర్చోకుండా నిలబడే మొత్తం చెప్పాను. తీగ పాకింది, మొలక చచ్చింది, నేను కత్తెరతో కోసింది, అన్నీ. ఆమె ఆకులు ఏరుతూనే వింది.

"ఆకు నీదని చెప్పుకున్నావని నాకేం లేదు టీచరమ్మా," అంది చివరికి. "ఆకు ఎవురిదీ కాదు. మా యత్త చౌడేపల్లెలో తెచ్చింది, ఆ ఊరోళ్ళు ఇంగెవరి దగ్గరో తెచ్చుంటారు. నన్ను ఎరగనంటివే, అదీ."

చేతిలోని పండుటాకును పక్కన పడేసి మళ్ళీ అంది.

"నా బిడ్డ పక్కనే ఉండె. దాని అత్త గూడా ఉండె. లోపలికి వస్తానే వాళ్ళకు నిన్ను సూపిచ్చినా. స్టేజీ మీద మాట్లాడతాండే యమ్మ మా టీచరమ్మ, మా ఇంటికి వచ్చి కట్టలు గూడా కడతాది అని చెప్పినా. యాల అట్లంటివి?"

"తప్పయింది. క్షమించమ్మా," అన్నాను. ఏడుపు వచ్చింది. ఆమె ఊరుకోమని అనలేదు. అనాలని నేను ఎదురుచూస్తున్నానని నాకే తెలిసి, ఇంకా సిగ్గేసింది.

"నేను కుప్పం పోయి మీ అమ్మాయికి, వాళ్ళ అత్తగారికి చెప్తాను, నేనే అబద్ధం చెప్పానని," అన్నాను.

అక్కర్లేదులే అంటుందనుకున్నాను. ఆమె కొంగు సర్దుకుని, "పోతావా? పో," అంది. వీధి పేరు చెప్పింది.

ఆ సాయంత్రం బస్సులోనే గ్రూపుకు రాశాను. మీకు పంచింది కొత్త మొక్క కాదని, పుంగనూరులో ఒకరి పెరటి పుదీనాయే అని, పంచకముందే ఆ సంగతి నాకు తెలుసని. పెద్దాయన ఫోన్ చేసి, "ఎందుకు మేడం ఇప్పుడిదంతా? ఆకు బాగుంది కదా, ఎవరేం అడిగారు?" అన్నాడు. కొందరు దండం బొమ్మలు పెట్టారు. ఒకామె 'నిజాయితీకి హ్యాట్సాఫ్' అని రాసింది. మరుసటి రోజుకు ఎవరిదో బీరపాదు ఫోటో వచ్చి అందరూ దాని గురించి మాట్లాడుకున్నారు. ఆ నిజాయితీ మాట చదివినప్పుడు మాత్రం శాలువా కప్పిన రోజుకన్నా ఎక్కువ కుంచించుకుపోయాను. ముసలామెను ఎరగనన్న సంగతి నేనక్కడ రాయలేదు.

ఆదివారం పలమనేరులో బస్సు మారి కుప్పం పోయాను. అక్క ఇంటికి పోకుండా నేరుగా వాళ్ళ వీధికి పోయాను. తలుపు తీసింది అత్తగారు. నన్ను గుర్తుపట్టి, "రండమ్మా, రండి," అని కుర్చీ వేసింది. కూర్చోగానే నా మొహంలోకి పరీక్షగా చూస్తూ అడిగింది.

"కండ్లు ఇప్పుడెట్లుండాయమ్మా? ఆపరేషన్ అయిందా?"

నాకు అర్థం కాలేదు. "ఏ ఆపరేషన్?"

"అదేమ్మా, శుక్లాలంట కదా మీకు. ఎదురుగా మనిషి ఎవురో గుర్తు తెలీదంట కదా. ఆ పొద్దు మీటింగునుంచి వస్తానే మా వియ్యపురాలు చెప్పింది. పాపం టీచరమ్మకు చూపు ఆనదు, అందుకే నన్ను గుర్తు పట్టలే అని."

కూతురు వంటింటి గుమ్మంలో బిడ్డను ఎత్తుకుని నిలబడి ఉంది. నన్నే చూస్తోంది.

నేను నిజం చెప్పడానికి వచ్చాను. చెబితే ఆ ముసలామె వియ్యపురాలి ముందు అబద్ధమాడినట్టవుతుంది. చెప్పకపోతే ఆమె కప్పిన గుడ్డ కిందే ఇంకోసారి దాక్కున్నట్టవుతుంది. పో అని పంపినప్పుడు ఆమెకు ఈ సంగతి తెలుసు. తెలిసే పంపింది.

"నా కళ్ళకేమీ కాలేదమ్మా," అన్నాను. "ఆ రోజు నాకు బాగా కనిపించింది. ఆమె ఎవరో నాకు బాగా తెలుసు. నేను కళ్ళు తిరిగి పడిపోతే ఇంటికి తీసుకుపోయి బతికించింది. ఆ పుదీనా ఆమె ఇచ్చిందే. నాదని చెప్పుకున్నాను కాబట్టి, అది బయటపడుతుందని, ఆమె ఎవరో తెలీదన్నాను. నా పరువు పోకూడదని మీ వియ్యపురాలు మీకు అలా చెప్పింది."

అత్తగారు, "అట్లనా," అని మాత్రం అంది. లేచి లోపలికి పోయింది.

కూతురు దగ్గరికి వచ్చింది. గొంతు తగ్గించి చెప్పింది. "నాకు ఆ పొద్దే తెలుసమ్మా. మాయమ్మ చేయి చాపినప్పుడు మీరు చేయి ఎనిక్కి తీసుకున్నారు. చూపు ఆననోళ్ళయితే చేయి పట్టుకుని చూస్తారు, ఎవురని."

నేను తల దించుకున్నాను.

"మాయమ్మ ఇంటికి వచ్చినంక అన్నం తినలేదు. కడుపు బాగలేదనింది. మా యత్తకు ఆ కండ్ల కత చెప్తాంటే నేను పక్కనే నిలబడి వినాల్సి వచ్చింది. మీరు వచ్చి చెప్పినారు, బాగుండాది. రాకపోయుంటే బాగుండేది కాదు. అంతే."

టీ ఇచ్చారు. అత్తగారే తెచ్చింది. తాగి గ్లాసు కింద పెట్టాను. నేను వెళ్ళొస్తానంటే ఆమె గుమ్మం దాకా వచ్చి, "మా వియ్యపురాలు మంచిది," అంది. నాకు చెప్పిందో తనకు తాను చెప్పుకుందో తెలియదు.

ఇప్పుడు మళ్ళీ బస్టాండులోనే దిగుతున్నాను. ఆమె కట్ట పక్కన పెడుతుంది. శనివారాలు పోతే కూర్చోమంటుంది, మనవడి కబుర్లు చెప్తుంది. మధ్యలో ఎక్కడో ఒకచోట మాట ఆగుతుంది. ఒకప్పుడు ఆ పెరట్లో మాటలు ఆగినా ఇబ్బందిగా ఉండేది కాదు. ఇప్పుడు ఇద్దరం ఏదో ఒకటి వెతుక్కుని మాట్లాడతాం. మిద్దెమీద ఉన్న ఆ టబ్బును నేను కోసుకోవడం మానేశాను. మా ఆయనే కోసి పచ్చడికి వేస్తాడు.

ఈ ఏడాది పరాగ సంపర్కం పాఠం వచ్చినప్పుడు, రెండో వరసలో ఒక అమ్మాయి చేయెత్తింది.

"మేడం, మీరెప్పుడన్నా చేత్తో చేసినారా ఇది?"

చేశానన్నాను. పుదీనా పూలకు చేశానని, పదకొండు గింజలు వచ్చాయని, ఒకటే మొలిచిందని, అదీ పక్క కుండీలోంచి పాకిన తీగ కింద చచ్చిపోయిందని చెప్పాను. పుదీనాను ఎప్పుడూ వేరుగా పెట్టాలని, దాని తీగ ఎక్కడినుంచైనా దూరుతుందని బోర్డు మీద బొమ్మ గీశాను. పిల్లలు నోట్సులో గీసుకున్నారు.

"తర్వాత మేడం? మల్లా చేసినారా?"

"లేదు," అన్నాను.

కుప్పంలో జరిగింది వాళ్ళకు చెప్పాలని నోటిదాకా వచ్చింది. అరవైమంది పిల్లలు నా వైపే చూస్తున్నారు. చెప్పలేదు. తర్వాతి పేజీ తియ్యమన్నాను.